వాక్యూమ్ పంపు ఆగితే లేత్ ఆగినట్టే: ఏ స్పేర్లు చేతిలో ఉంచుకోవాలి?

 

చెక్క గిన్నె చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "అన్నా, వాక్యూమ్ చక్‌కి ఏ పంపు కొనమంటావ్?" అని. మంచి ప్రశ్నే. కానీ కొన్న పంపుని పదేళ్లు ఎలా నడపాలి, దానికి ఏ సామాను ముందే తెచ్చి పెట్టుకోవాలి అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇవాళ ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఒక చిన్న వర్క్‌షాప్‌లో లేత్ పాడవడం అరుదు. పంపు ఆగడం, లేదా ఆగకుండానే బలం తగ్గిపోవడం మాత్రం మామూలు. ఆ పంపు బలం తగ్గిన రోజు ఆగేది పని ఒక్కటే కాదు. తిరుగుతున్న గిన్నె మీ ముఖం వైపు కూడా రావచ్చు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. గిన్నె బయటా లోపలా చెక్కడం అయిపోయాక అడుగు భాగం మిగులుతుంది. అప్పటిదాకా చక్ పట్టుకున్నది ఆ అడుగునే. ఇప్పుడు దాన్ని కూడా నున్నగా చెయ్యాలంటే గిన్నెని తిప్పి పట్టుకోవాలి. నాలుగు దవడల చక్‌తో అంచు పట్టుకుంటే గాటు పడుతుంది. అందుకని గిన్నెని ఒక గుండ్రటి కప్పు లాంటి దాని మీద బోర్లిస్తాం. మధ్యలో మెత్తటి ఫోమ్ ఉంటుంది. లేత్ స్పిండిల్ మధ్యలో ఉన్న రంధ్రం గుండా లోపలి గాలిని పంపు లాగేస్తుంది. స్క్రూ లేదు, జిగురు లేదు. గిన్నె అలా అతుక్కుని నిలబడిపోతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. పంపు గిన్నెని పట్టుకోదు. బయట ఉన్న గాలి గిన్నెని చక్ మీదకి నొక్కుతుంది. పంపు చేసేదల్లా లోపల గాలి తగ్గించడమే. లెక్క చెప్తాను. గేజ్ 20 ఇంచులు చూపిస్తుంటే, ప్రతి చదరపు సెంటీమీటర్ మీద దాదాపు 0.69 కేజీల ఒత్తిడి పడుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్ అయితే మొత్తం కలిపి సుమారు 120 కేజీలు. అంటే ఇద్దరు మనుషులు ఆ గిన్నె మీద కూర్చున్నట్టు. అదే 20 ఇంచుల దగ్గర 7.5 సెంటీమీటర్ల చిన్న చక్ వాడితే సుమారు 30 కేజీలే. వ్యాసం సగమైతే పట్టు పావు వంతుకి పడిపోతుంది. అలాగే 15 సెంటీమీటర్ల చక్ మీద గేజ్ 20 నుంచి 10కి దిగితే 120 కాస్తా 60 అవుతుంది. లేత్ మాత్రం అదే స్పీడ్‌లో తిరుగుతుంటుంది. మీ ఉలి అదే బలంతో తగులుతుంటుంది. తేడా గేజ్ సూదికి మాత్రమే తెలుస్తుంది.

అందుకే పంపు మెయింటెనెన్స్ అంటే మెషిన్‌ని ముద్దుగా చూసుకోవడం కాదు. మన కళ్లు, మన పళ్లు కాపాడుకోవడం.

ఇప్పుడు పంపుల్లో రకాలు, త్వరగా చూసేద్దాం. ఒకటి, కార్బన్ వేన్లు ఉండే డ్రై పంపు. అంటే ఆయిల్ అక్కర్లేనిది. అమెరికాలో చెక్క టర్నర్ల దగ్గర ఎక్కువగా కనిపించేది గాస్ట్ కంపెనీది. మిగతా చోట్ల బెకర్, రీచెల్, ఓరియన్ లాంటి పేర్లు వింటాం. రెండు, ఏసీ మెకానిక్‌లు వాడే ఆయిల్ పంపు. ఇది చవగ్గా దొరుకుతుంది. కాకపోతే మూసి ఉన్న ఏసీ పైపుల్లోంచి గాలి పూర్తిగా తీసేయడానికి తయారైంది. చెక్కలోంచి ఎప్పుడూ కొంత గాలి లీకవుతూనే ఉంటుంది. అలా గాలి లాగుతూ నడిస్తే ఇది ఆయిల్ పొగ కక్కుతుంది. మూడు, కంప్రెసర్ గాలితో నడిచే వెంచురీ. దాంట్లో కదిలే భాగాలే లేవు, పాడయ్యేది కూడా తక్కువ. కానీ కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటూనే ఉండాలి, కరెంటు బిల్లు మీద పడుతుంది. రోజూ గిన్నెలు చేసేవాళ్లలో చాలామంది చివరికి డ్రై వేన్ పంపు దగ్గరే ఆగుతారు. ఇవాళ ముఖ్యంగా దాని గురించే చెప్తాను.

దీని లోపల ఏముందో ఊహించుకోండి. ఒక గుండ్రటి డబ్బా. లోపల ఒక రోటర్, కానీ డబ్బాకి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. రోటర్‌కి గాళ్లు ఉంటాయి. చాలా మోడల్స్‌లో నాలుగు. ఒక్కో గాడిలో ఒక్కో కార్బన్ ముక్క. దాన్నే వేన్ అంటాం, షాపుల్లో కార్బన్ బ్లేడ్ అని కూడా అంటారు. రోటర్ తిరిగినప్పుడు ఈ ముక్కలు బయటికి విసురుగా వచ్చి డబ్బా గోడని రాసుకుంటూ తిరుగుతాయి. ఒక పక్క గది పెద్దదవుతూ గాలి లాక్కుంటుంది, ఇంకో పక్క గది చిన్నదవుతూ గాలి బయటికి తోసేస్తుంది. అంతే.

ఆ కార్బన్ ముక్క అరుగుతూనే పనిచేస్తుంది. పెన్సిల్ గీస్తే లెడ్ అరిగినట్టు. ఆ అరిగిన నల్లటి పొడే దానికి లూబ్రికేషన్. కాబట్టి వేన్లు అరగడం రిపేరు కాదు, అది పంపు తినే తిండి. తిండి అయిపోకముందే సంచీ నింపుకోవాలి కదా? స్పేర్ల గురించిన మాట మొత్తం ఇందులోనే ఉంది.

సరే, పంపు ఆరోగ్యం ఎలా తెలుస్తుంది? దీనికి నేను మూడు రీడింగుల పద్ధతి వాడతాను. నెలకోసారి, పది నిమిషాల పని.

మొదటి రీడింగు పంపు దగ్గర. పంపుకి ఆనుకుని గేజ్ పెట్టి, దాని తర్వాత ఉన్న వాల్వ్ మూసేయండి. పంపు ఒక్కటే, ఇంకేమీ లేదు. సూది ఎక్కడ ఆగుతుందో చూడండి. దీన్ని ఒక్క నిమిషం మాత్రమే చెయ్యండి. ఎందుకంటే డ్రై పంపు మీదుగా గాలి పోతేనే అది చల్లబడుతుంది. పూర్తిగా మూసేసి గంటలకొద్దీ నడిపితే వేడెక్కుతుంది.

రెండో రీడింగు లేత్ దగ్గర. పైపులు, రోటరీ జాయింట్, స్పిండిల్, చక్, అన్నీ కలిపి. చక్ మీద చెక్క కాకుండా మందపాటి అక్రిలిక్ ముక్క పెట్టండి. దాంట్లోంచి గాలి పోదు కదా. లేత్ ఆన్ చెయ్యకుండా, స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి సూది వణుకుతుందేమో గమనించండి.

మూడో రీడింగు మీ గిన్నెతో.

ఉదాహరణకి ఒక పంపు వరుసగా 24, 23, 18 చూపించిందనుకుందాం. బావుంది. చెక్కకి రంధ్రాలు ఉంటాయి కాబట్టి 5 ఇంచులు అక్కడ పోయింది. ఇంకో నెల 24, 17, 12 వచ్చింది. పంపు బాగానే ఉంది, పైపుల్లోనో రోటరీ జాయింట్‌లోనో లీకు. ఇంకో నెల 24, 23, 9. పంపూ పైపులూ రెండూ బాగున్నాయి. ఫోమ్ పోయింది, లేదా ఆ చెక్కకి పగులో పురుగు రంధ్రమో ఉంది. ఇంకోసారి మొదటి రీడింగే 19. అప్పుడు మాత్రమే పంపుని అనుమానించాలి. అందులోనూ ముందు ఫిల్టర్, తర్వాతే వేన్లు.

చూశారా, ఈ మూడు నంబర్లు లేకపోతే ఏం చేస్తాం? గిన్నె జారగానే "పంపు పోయింది" అని పంపు విప్పేస్తాం. ముప్పై రూపాయల ఫోమ్ తప్పుకి పంపు శిక్ష అనుభవిస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు ఎక్కడ ఉన్నారన్నది కూడా లెక్కే. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి దాదాపు 29.9 ఇంచులు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒక ఇంచు తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 1,780 అడుగుల ఎత్తున ఉంది. అంటే ఇక్కడ ప్రపంచంలో ఎంత గొప్ప పంపు తెచ్చినా గేజ్ 28 దాటడం కష్టం. విశాఖలో 26 చూపించిన పంపు హైదరాబాద్‌లో 24 పైన కొంచెం చూపిస్తుంది. బెంగళూరులో ఇంకా తక్కువ. పంపు పుస్తకంలో రాసింది సముద్ర మట్టం లెక్క. ఆ నంబర్ రాలేదని బాగున్న వేన్లు పీకేయకండి. మీ ఊళ్లో, మీ పంపు, కొత్తగా ఉన్నప్పుడు ఎంత చూపించిందో అదే మీ నంబర్. దాన్ని పెయింట్‌తో పంపు మీదే రాసేయండి.

లీకు వెతకడం గురించి ఒక చిట్కా. సైకిల్ ట్యూబ్ పంక్చర్‌కి సబ్బు నీళ్లు రాసి బుడగలు చూస్తాం కదా, ఇక్కడ అది కుదరదు. గాలి బయటికి రావట్లేదు, లోపలికి పోతోంది. సబ్బు నీళ్లు కూడా లోపలికే పోతాయి. దానికి బదులు ఒక్కో జాయింట్‌ని గ్రీజు రాసిన వేలితో చుట్టూ నొక్కండి. ఎక్కడ నొక్కితే సూది పైకి లేస్తుందో లీకు అక్కడే.

ఇప్పుడు రోజువారీ మెయింటెనెన్స్. ఐదు పనులు.

ఒకటి, ఫిల్టర్. లేత్‌కీ పంపుకీ మధ్య ఫిల్టర్ లేకుండా పంపు ఆన్ చెయ్యొద్దు. శాండింగ్ పొడి పిండి కన్నా మెత్తగా ఉంటుంది. అది వేన్ల గాళ్లలో చేరితే వేన్లు గాడిలోనే బిగుసుకుపోతాయి, బయటికి రావు. పారదర్శకంగా ఉండే ఫిల్టర్ గిన్నె అయితే లోపల ఏం పేరుకుందో కనపడుతుంది. కొంతమంది బైక్ పెట్రోల్ ఫిల్టర్ పెడతారు. అత్యవసరానికి పర్వాలేదు, కానీ దాని దారి సన్నం కాబట్టి గాలి ప్రవాహం తగ్గుతుంది.

రెండు, డ్రై పంపులో ఆయిల్ చుక్క కూడా వెయ్యొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. శబ్దం వస్తోంది కదా అని కుట్టుమిషన్ ఆయిల్ వేసేవాళ్లు ఉన్నారు. కార్బన్ పొడి, ఆయిల్ కలిస్తే నల్లటి బంక అవుతుంది. వేన్లు ఆ బంకలో ఇరుక్కుంటాయి.

మూడు, తడి. పచ్చి చెక్క వాక్యూమ్‌లో తడి వదులుతుంది. కోస్తాలో వానాకాలం గాలి సంగతి చెప్పనక్కర్లేదు. పని అయ్యాక పైపు తీసేసి పంపుని రెండు మూడు నిమిషాలు మామూలు గాలి పీల్చుకుంటూ నడవనివ్వండి. లోపలి తడి బయటికి పోతుంది. ఆరని పాలిష్, ఆరని లక్క, థిన్నర్ వాసన ఉన్న గిన్నెని వాక్యూమ్ మీద పెట్టకండి. ఆ ఆవిరి నేరుగా వేడి పంపులోకి వెళుతుంది.

నాలుగు, వేడి. పంపుని లేత్ కింద చెక్కపొట్టులో దాచేస్తారు చాలామంది, శబ్దం వినపడకూడదని. మోటారు ఫ్యాన్‌కి గాలి ఆడాలి. చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి, పొట్టు ఊడ్చండి. ఎండిన పొట్టు, వేడి మోటారు పక్కపక్కన ఉండటం ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

ఐదు, వేన్ల తనిఖీ. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకేసి, పంపు చల్లారాక, బయటి వైపు ఉన్న మూత మాత్రమే విప్పండి. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తియ్యండి. వేన్ ఏ వైపు వాలుగా ఉందో, వాలు అంచు ఎటు తిరిగి ఉందో ఆ ఫొటోలో కనపడాలి. తిప్పి పెడితే పంపు సరిగ్గా లాగదు. వేన్లు బయటికి తీసి వెర్నియర్‌తో వెడల్పు కొలవండి. కనీస కొలత కంపెనీ పుస్తకంలో ఉంటుంది. మార్చేటప్పుడు అన్నీ కలిపి సెట్‌గా మార్చండి, ఒక్కటే మార్చకండి. పొడిని పొడి బట్టతో తుడవండి, ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. రోటర్‌ని మాత్రం కదపకండి, మోటారు వైపు బోల్టులు వదులు చెయ్యకండి. రోటర్‌కీ డబ్బాకీ మధ్య సందు వెంట్రుకంత ఉంటుంది, అది ఫ్యాక్టరీలో సెట్ చేసింది. అది తప్పితే కొత్త వేన్లు వేసినా వాక్యూమ్ రాదు.

బాగా అరిగిన వేన్‌ని అలాగే నడిపితే ఏమవుతుంది? అది గాడిలోంచి మరీ బయటికి వచ్చి ఊగుతుంది, ఒకరోజు విరుగుతుంది. విరిగిన ముక్క లోపల తిరుగుతూ డబ్బా గోడని గీరేస్తుంది. అప్పుడు పోయేది నాలుగు కార్బన్ ముక్కలు కాదు, మొత్తం పంపు.

ఇక స్పేర్ల దగ్గరికి వద్దాం. కోస్తా వైపు ఒక తమ్ముడు ఉన్నాడు, మంచి పనివాడు. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో రిటర్న్ గిఫ్టుల కోసం చెక్క గిన్నెల ఆర్డర్ ఒప్పుకున్నాడు. గిన్నెలన్నీ చెక్కడం అయిపోయింది. అడుగులు మాత్రం వాక్యూమ్ మీద ఫినిష్ చెయ్యాలి. అప్పుడు వేన్ విరిగింది. పంపు బయటి దేశం నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌ది. వేన్ల సెట్ ఆర్డర్ పెడితే రావడానికి వారాలు అన్నారు. పెళ్లి ముహూర్తం ఆగదు కదా. కొత్త పంపు కొంటే ఆర్డర్ మీద వచ్చే లాభం కన్నా ఖర్చు ఎక్కువ. ఫోన్ చేసి, "అన్నా, అరచేతిలో పట్టే నాలుగు నల్ల ముక్కల కోసం గదినిండా గిన్నెలు ఆగిపోయాయి" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

అతను ఎలా బయటపడ్డాడో తర్వాత చెప్తాను. ముందు ఆ పరిస్థితి రాకుండా ఏం ఉంచుకోవాలో చూద్దాం.

ప్రతి భాగం గురించి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే పని ఆగుతుందా? ఇది తెచ్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? రెండింటికీ జవాబు ఇబ్బందిగా ఉంటే అది మీ అలమారలో ఉండాల్సిందే.

ఆ లెక్కన మొదటి వరసలో వచ్చేవి ఇవి. వేన్ల పూర్తి సెట్ ఒకటి. అది వాడిన రోజే ఇంకో సెట్ ఆర్డర్ పెట్టాలి, వచ్చే నెల కాదు. మూత కింద ఉండే గ్యాస్కెట్ లేదా ఓ-రింగ్, ఎందుకంటే మూత విప్పిన ప్రతిసారీ అది చిరిగే అవకాశం ఉంది. ఫిల్టర్ ఎలిమెంట్లు రెండు. రోటరీ జాయింట్ బేరింగులు రెండు. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. స్పిండిల్ తిరుగుతుంటుంది, పైపు తిరగకూడదు. ఆ రెంటి మధ్య ఉండేది ఒక చిన్న బేరింగు. దాని రబ్బరు సీలే వాక్యూమ్‌ని ఆపుతుంది. సీలులోకి పొడి దూరితే బేరింగు బాగా తిరుగుతూనే గాలి లీక్ చేస్తుంది. రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నదే అడగండి. రేకు సీల్ ఉన్నది ఇక్కడ పనికిరాదు.

రెండో వరస, చవకైనవి. దగ్గర్లో దొరికేవే, కానీ రాత్రి తొమ్మిదింటికి దొరకవు. రెండు మీటర్ల పైపు. వాక్యూమ్‌కి నొక్కుకుపోని గట్టి రకం తీసుకోండి, లోపల వైరు చుట్ట ఉన్నదైతే మంచిది. నాలుగు క్లిప్పులు, టెఫ్లాన్ టేపు, ఒక నాన్ రిటర్న్ వాల్వ్, ఒక అదనపు గేజ్. గేజ్ ఎందుకంటే, అది అబద్ధం చెప్పడం మొదలుపెడితే మీకు తెలిసే దారి ఇంకో గేజ్ ఒక్కటే. చక్ మీద అంటించే ఫోమ్ షీట్లు. ఇవి స్టేషనరీ షాపుల్లో క్రాఫ్ట్ ఫోమ్ పేరుతో దొరుకుతాయి. స్పాంజి లాంటిది కాదు, నీళ్లు పీల్చని రకం కావాలి. నీళ్లు పీల్చేది గాలీ పీలుస్తుంది.

మూడో వరస, కొనక్కర్లేదు, నంబర్ రాసుకుంటే చాలు. మోటారు బేరింగులు, కెపాసిటర్. బేరింగు మీద నంబర్ చెక్కి ఉంటుంది, కెపాసిటర్ మీద మైక్రోఫారడ్, వోల్టేజ్ రాసి ఉంటాయి. ఇవి మన ఊళ్లలో దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి మార్కెట్‌కి వెళ్లి నంబర్ చెప్తే చాలు. కెపాసిటర్ మార్చే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. కరెంటు తీసేశాక కూడా దాంట్లో చార్జ్ ఉంటుంది.

వేన్ల దగ్గర మనవాళ్లకి తెలియాల్సిన ఒక రహస్యం ఉంది. రహస్యమేం కాదు, మనం చెక్క పనివాళ్లం కాబట్టి అటు చూడం. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మెషిన్లలో కాగితాన్ని ఒక్కొక్కటిగా పైకి లేపేది ఏంటో తెలుసా? ఇలాంటి డ్రై వేన్ పంపే. పెళ్లి కార్డులు, క్యాలెండర్లు, స్కూలు పుస్తకాలు అచ్చేసే ప్రెస్సుల్లో ఈ పంపులు రోజంతా తిరుగుతాయి. వాటి కార్బన్ బ్లేడ్లు ప్రింటింగ్ మెషిన్ స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. మీ ఊళ్లో ప్రెస్ ఉంటే అక్కడి మెషిన్ మ్యాన్‌ని అడగండి, స్పేర్లు ఎక్కడ తెస్తారో చెప్తారు. అందుకే ఇండియాలో పంపు కొనేటప్పుడు నా సలహా ఏంటంటే, ప్రింటింగ్ వాళ్లు వాడే మోడల్ చూసి కొనండి. పంపు నచ్చి కొనడం కాదు, దాని స్పేరు దొరుకుతుందని కొనండి.

షాపుకి వెళ్లేటప్పుడు చేతిలో మూడు ఉండాలి. పంపు నేమ్ ప్లేట్ ఫొటో, పాత వేన్, దాని పొడవు, వెడల్పు, మందం కొలతలు. పొడవు, మందం పాత వేన్ నుంచి తీసుకోవచ్చు. వెడల్పు మాత్రం అరిగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మకండి. అందుకే కొత్త సెట్ వచ్చిన రోజే కొలిచి రాసిపెట్టుకోవాలి. కనీస కొలత తెలియని పంపుకి కూడా, ఎంత అరిగిందో అలా తెలుస్తుంది.

బయటి దేశం పంపు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. నేమ్ ప్లేట్ మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఆలోచించండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ మారుస్తుంది, హెర్ట్జ్ మార్చదు. మన 50 హెర్ట్జ్ మీద 1,725 స్పీడ్ మోటారు సుమారు 1,425కి దిగుతుంది. లాగే గాలి దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. మోటారు ఎక్కువ వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. 50, 60 రెండూ రాసి ఉన్న ప్లేటు అయితే నిశ్చింత. రెండు పంపులు కొనే స్తోమత ఉంటే రెండూ ఒకే మోడల్ కొనండి. ఒకే సెట్ స్పేర్లు రెంటికీ సరిపోతాయి.

కొన్న స్పేర్లు దాచడం కూడా పనే. కార్బన్ వేన్ బిస్కెట్ లాంటిది, కింద పడితే విరుగుతుంది. కాగితంలో విడివిడిగా చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి, ఆయిల్ చేతులతో ముట్టుకోకండి. ఓ-రింగులు, గ్యాస్కెట్లు జిప్ కవర్లో వేసి వెలుతురు పడని చోట ఉంచండి. మేకుకి వేలాడదీస్తే సాగిపోతాయి. ఫోమ్ షీట్లు పరిచి పెట్టండి, మడత పడితే ఆ గీత దగ్గరే లీకు. ప్రతి కవర్ మీద మూడు మాటలు రాయండి: ఏ పంపుది, ఎప్పుడు కొన్నారు, ఎక్కడ కొన్నారు. మీరు లేనప్పుడు మీ దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా అర్థం కావాలి.

ఇప్పుడు కరెంటు సంగతి. మన దగ్గర కరెంటు పోవడం వింతేం కాదు. మొత్తం పోతే లేత్, పంపు రెండూ ఆగుతాయి. కానీ లేత్ వెంటనే ఆగదు, కాసేపు తిరుగుతూ ఉంటుంది. ఆలోపు వాక్యూమ్ పడిపోతే గిన్నె జారుతుంది. దీనికోసమే నాన్ రిటర్న్ వాల్వ్, లేత్‌కీ ఆ వాల్వ్‌కీ మధ్య ఒక చిన్న ట్యాంక్. చెక్క లీకుని బట్టి కొన్ని సెకన్లు పట్టు నిలుస్తుంది, ఆ కొన్ని సెకన్లే మనకి కావాలి. ఇంకా ప్రమాదం ఏంటంటే, పంపు లైన్ ఎమ్‌సీబీ ఒక్కటే ట్రిప్ అవడం. పంపు ఆగింది, లేత్ ఫుల్ స్పీడ్‌లో ఉంది. వాక్యూమ్ ఒక స్థాయి కన్నా తగ్గితే లేత్‌ని ఆపేసే వాక్యూమ్ స్విచ్ పెట్టించుకోవచ్చు. మంచి ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. అది ఉన్నా లేకపోయినా, టెయిల్ స్టాక్ వీలైనంత సేపు ఆనించే ఉంచండి. చివరి రెండు నిమిషాలకే దాన్ని వెనక్కి తియ్యండి. గేజ్ మీ కంటి ఎత్తులో ఉండాలి, వెనకాల గోడ మీద కాదు. ఫేస్ షీల్డ్ తప్పనిసరి. గిన్నె ఎగిరితే ఎటు వస్తుందో ఆ దారిలో నిలబడకండి.

అలాగే ఎక్కువ వాక్యూమ్ ఎప్పుడూ మంచిది అనుకోకండి. పల్చటి గిన్నెని 24 ఇంచుల దగ్గర పెడితే గాలి బరువుకే అది లోపలికి పగలొచ్చు. బ్లీడ్ వాల్వ్ కొంచెం తెరిచి, అవసరమైనంతకే దించండి. అలా కొంత గాలి పోతుంటే పంపు కూడా చల్లగా ఉంటుంది.

మన దగ్గర లేత్ కొత్తదేం కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు, లక్కపిడతలు తరతరాలుగా లేత్ మీదే చేస్తున్నారు. 2017లో వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనికి వాక్యూమ్ అవసరం లేదు, చిన్న వస్తువులు కాబట్టి పట్టుకునే పద్ధతి వేరు. నేనీ మాట ఎందుకు తెచ్చానంటే, పంపు లేని రోజుల్లో కూడా పని జరిగింది. ఆ కోస్తా తమ్ముడు బయటపడింది కూడా పాత పద్ధతితోనే. పనికిరాని చెక్క దుంగని గిన్నె లోపలి ఆకారానికి సరిపోయేలా చెక్కాడు. దాని మీద పల్చటి ఫోమ్ వేసి గిన్నెని బోర్లించాడు. టెయిల్ స్టాక్‌తో వెనక నుంచి నొక్కి పట్టి అడుగు ఫినిష్ చేశాడు. మధ్యలో వేలెడంత బొడిపె మిగులుతుంది, దాన్ని ఉలితో తీసేసి చేత్తో శాండింగ్ చేశాడు. ఒక్కో గిన్నెకి మామూలు కన్నా మూడింతల టైమ్ పట్టింది. రాత్రిళ్లు కూర్చున్నాడు. ఆర్డర్ ముహూర్తానికి ముందు రోజు చేరింది. కాబట్టి స్పేర్ల లిస్టులో చివరిది ఒకటి రాసుకోండి: పంపు లేకుండా పని పూర్తి చేసే పద్ధతి చేతికి వచ్చి ఉండాలి. అది ఏ షాపులోనూ దొరకదు. ఖాళీ రోజున రెండు గిన్నెలు అలా చేసి చూడండి.

ఇప్పుడు అతని అలమారలో రెండు వేన్ల సెట్లు ఉన్నాయి, పంపు మీద ఎర్ర పెయింట్‌తో ఒక నంబర్ ఉంది.

మీరు ఇవాళ చెయ్యాల్సింది ఒక్కటే. వాల్వ్ మూసి, ఒక్క నిమిషం పంపు నడిపి, గేజ్‌ని ఫొటో తియ్యండి. తేదీతో సహా ఫోన్‌లో ఉండిపోతుంది. వచ్చే నెల ఒకటో తారీఖున మళ్లీ తియ్యండి. రెండు ఫొటోల మధ్య సూది కిందికి జరిగిందంటే పంపు మీతో ఏదో చెప్తోందని అర్థం.

వచ్చే ఎపిసోడ్‌లో పీవీసీ కప్లింగ్‌తో వాక్యూమ్ చక్ ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలో, గాలి చొరబడకుండా ఎలా సీల్ చెయ్యాలో చూపిస్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా పని చేసుకోండి. ఉంటాను మరి, నమస్తే.